ఎర్రబడని గాయం

గాజు పళ్ళెం అడుగున ఒకే పొరగా పరుచుకున్న కణాలను సూక్ష్మదర్శినిలో చూస్తూ కూర్చుంటే నాకు టైము తెలిసేది కాదు. ఆ పొర మీద సన్నటి ప్లాస్టిక్ మొనతో ఒక గీత గీస్తాం. గీత పడిన మేర కణాలు చెదిరిపోయి, నడుమ ఒక ఖాళీ దారి మిగులుతుంది. ఆ తరువాత చేసేదేమీ లేదు, చూడటమే. గంటలు గడిచేకొద్దీ రెండు ఒడ్డుల్లోని కణాలూ సాగి, ఒళ్ళు ఈడ్చుకుంటూ, మెల్లమెల్లగా ఆ ఖాళీలోకి దిగుతాయి. మర్నాటికి గీత ఎక్కడ గీశానో నాకే గుర్తు దొరికేది కాదు. కిటికీ బయట గూడ్సు బండి పోతూ ఉంటే బల్లా, పళ్ళెమూ, అందులోని నీళ్ళూ సన్నగా వణికేవి. ఆ వణుకులోనే అవి పాకుతున్నట్టు అనిపించేది.

మా కాలేజీ గోపాలపట్నం దాటాక ఉంది. ఒళ్ళు వాచినప్పుడు మందులు లోపల ఏం చేస్తాయన్నది నా పరిశోధన. ఎవరైనా అడగడమే ఆలస్యం, బస్సులోనైనా సరే క్లాసు పీకేదాన్ని. దెబ్బ తగిలిన కణం ఊరుకోదు, కబురు పంపుతుంది. ఆ కబురు అందిన రక్తనాళం కాస్త వదులై నీరు వదులుతుంది, తెల్లకణాలు గోడ సందుల్లోంచి దూరి దెబ్బ దగ్గరికి పరుగెడతాయి. మనకి కనిపించే ఎరుపూ, వేడీ, వాపూ, నొప్పీ ఆ పరుగులో భాగమే. కొన్ని మందులు కబురును దారిలో ఆపుతాయి. స్టెరాయిడ్ అలా కాదు. అది కణం లోపలికి దూరి, కేంద్రకం దాకా పోయి, కబురు తయారయ్యే చోటే కూర్చుని నోరు మూయిస్తుంది. ఇలా చెప్పుకుంటూ పోయేదాన్ని. పక్క సీటామె పాపం తల ఊపేది.

ఇంత తెలిసినదాన్ని. మా అయ్య కుడిచేతిని పాడుచేసింది నేనే. 

అయ్య ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరబోటుకి సరంగు. సరంగంటే బోటు నడిపేవాడు. ఎటు పోవాలో, వల ఎక్కడ దించాలో ఆయనదే మాట. బోటు మాత్రం ఇంకొకరిది. ఎండాకాలంలో రెండు నెలలు వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు కదలకూడదు. ఆ రోజుల్లో హార్బర్ అంతా మగతగా ఉంటుంది. బోట్లు పక్కపక్కన కట్టేసి ఉంటాయి. కొత్త రంగు వాసన, ఎండిన వల వాసన, పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము. ఎక్కడో ఓడ కూత వేస్తే అందరూ తలెత్తి, మళ్ళీ పడుకుంటారు. అయ్య వలగుట్ట నీడలో కూర్చుని కన్నాలు అల్లుతూ అల్లుతూనే నిద్రలోకి జారేవాడు. చేతివేళ్ళు మాత్రం కాసేపు అలా కదులుతూనే ఉండేవి. చిన్నప్పుడు నేను పక్కన కూర్చుని, అవి ఎప్పుడు ఆగుతాయా అని చూసేదాన్ని.

ఆయన బోటులో ఒక పట్టింపు ఉంది. నిషేధం ముగిసి బోటు కదిలే రోజు, సరంగు తన కుడి అరచేతిని పసుపులో ముంచి బోటు ముక్కు మీద అచ్చు వేయాలి. ఐదు వేళ్ళూ విప్పి, నిండుగా పడాలి. కట్టు కట్టిన చేయి పనికిరాదు. వేలు ముడుచుకున్న అచ్చు పడితే ఆ ఏడంతా వేట వంకరేనని బోటు ఓనరమ్మ నమ్మకం. అచ్చు ఎవరు వేస్తే ఆ ఏడాదికి సరంగు అతనే. అయ్య పన్నెండేళ్ళుగా వేస్తున్నాడు.

ఆ ఏడు బోటు కదలడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా, కూరకి నాలుగు చేపలు వస్తాయని అయ్య స్నేహితుడి తెప్ప మీద ఒడ్డు దాటాడు. ఇంజిను లేని తెప్పలకి నిషేధం లేదు. వల్లోంచి జెల్ల చేపని విడదీస్తుంటే దాని ముల్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దిగింది. ఏళ్ళ తరబడి జెల్లలతో బతికినవాడు, ఎలా ఏమారాడో మరి. ఇంటికొచ్చేసరికి చేయి బన్నురొట్టెలా పొంగింది.

మామ్మ, అంటే అయ్య తల్లి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ఆ చేతిని ముంచి కూర్చోబెట్టింది. జెల్ల విషం వేడికి విరుగుతుందని మావాళ్ళకి ఎప్పట్నుంచో తెలుసు, మా పుస్తకాల్లో కూడా ఉంది. సాయంత్రానికి మంట తగ్గింది. కానీ రెండోరోజు పొద్దున్నకి వాపు మణికట్టు దాటింది.

"ముల్లు ముక్కేదో లోపలుండిపోనాదిరా," అంది మామ్మ. "ఒళ్ళే దాన్ని బయటికి తోసేత్తాది. కంగారు పడక, కదపకుండా కూకో. నేదంటే డాట్రు కాడికెళ్ళి కోయించుకో."

"కోత్తే కట్టు కడతాడు గదే అమ్మా. కట్టు సేత్తో అచ్చెలగేత్తాను?" అని, అయ్య నా వైపు తిరిగాడు. "ఏటమ్మీ, ఇన్నేళ్ళు సదివావు గదా. వాపు దిగే మందు నీకాడ నేదా?"

ఆయన అప్పటిదాకా నా చదువును ఏమీ అడగలేదు. నా పుస్తకాల సంచీ బస్సుస్టాపు దాకా మోశాడు, ఫీజు కట్టే రోజున గుమ్మంలో నిలబడ్డాడు, నా చదువేమిటని ఎవరైనా అడిగితే "మందులు సేత్తాది" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నేను మందులు చేయననీ, ఎలా పనిచేస్తాయో చూస్తాననీ ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి అదే మాట. అలాంటి మనిషి చేయి చాచి అడిగితే నా గుండె ఉప్పొంగిపోయింది. ఆలోచించలేదు. చెప్పులేసుకుని వీధి చివరి మందుల షాపుకి పరుగెత్తాను. డెక్సా అనే స్టెరాయిడ్ షీటు ఒకటి తెచ్చాను. చిన్న తెల్ల మాత్రలు, డాక్టరు చీటీ కూడా అడగలేదు షాపువాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అన్నాను.

రెండు రోజుల్లో వాపు దిగింది. మూడో రోజుకి చేతి మీద ముడతలు మళ్ళీ కనిపించాయి. అయ్య గుప్పిట మూసి తెరిచి వీధంతా చూపించాడు. "మా అమ్మి మందు," అన్నాడు. పక్కింటి మామయ్య నన్ను చూసి, "ఏటి మందులమ్మా, నా మోకాలు కూడా ఓ పాలి సూడవా," అని ఆట పట్టించాడు. నాకు నేల మీద కాలు ఆనలేదు. ఎందుకైనా మంచిదని ఇంకో షీటు తెచ్చాను.

మామ్మ మాత్రం రోజూ ఆ చేయి పట్టుకుని చూసేది. బోటు కదిలే ముందురోజు మధ్యాహ్నం, అయ్య భోంచేసి అరుగు మీద కూర్చున్నప్పుడు, ముల్లు దిగిన చోట బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"నొప్పా?"

"నేదే."

"సల్లగా ఉంది. ముల్లు దిగిన సెయ్యి సల్లగా ఉండకూడదురా. నీలం తిరుగుతంది సూడు. రేపు యెళ్ళకు."

నాకు ఒళ్ళు మండింది. నలుగురు వింటుండగా, "మామ్మా, నీకేటి తెలుసు? వాపు లేదు, నొప్పి లేదు, జ్వరం లేదు. ఇంకేం కావాలి నీకు?" అన్నాను. ఆ మూడూ లేకపోవడమే ఆవిడ భయమని నాకు తట్టలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు వాదించాను. అయ్య ఇద్దర్నీ మార్చిమార్చి చూసి, నా మాటే విన్నాడు. మామ్మ కొంగు దులుపుకుని లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున అయ్య పసుపులో చేయి ముంచి, బోటు ముక్కు మీద అద్దాడు. ఐదు వేళ్ళూ నిండుగా పడ్డాయి. ఓనరమ్మ హారతిచ్చింది. హార్బర్ అంతా బోట్ల కూతలతో నిండిపోయి, ఒకదాని వెనుక ఒకటి కదులుతుంటే నీళ్ళ మీద ఎండ ముక్కలు ముక్కలైంది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి బోటు మలుపు తిరిగేదాకా ఆ పసుపు అచ్చు నాకు కనిపిస్తూనే ఉంది, లేదా కనిపిస్తున్నట్టు అనిపించింది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే నా జీవితంలో అంత హాయైన పొద్దు ఇంకొకటి గుర్తురాదు. అందుకే ఆ పొద్దు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది.

వారం దాకా రావలసిన పని లేని బోటు మూడోరోజు మధ్యాహ్నానికే వెనక్కొచ్చింది. నేనిచ్చి పంపిన మాత్రలు రెండోరోజుతో అయిపోయాయి. అవి ఆగిన మర్నాడే, అంతవరకూ అణిగి ఉన్న జ్వరమంతా ఒక్కసారి ఎగదన్నింది. అయ్యని బోటులోంచి దించేటప్పుడు, బోటు మీద పనిచేసే కళాసీ ఒకతను, "బావ తెల్లారగట్ట నుంచి ఏటేటో మాటాడతన్నాడమ్మా," అన్నాడు. అయ్య చేతి మీద తోలు నల్లబడి, నీటి పొక్కులు లేచి ఉన్నాయి. చూపుడువేలు చివర బొగ్గులా ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ చేతిని తిప్పి చూసి, "ఇన్ని రోజులూ వాచలేదా? జ్వరం రాలేదా? ఏం వాడారు?" అని అడిగింది.

అయ్య సగం మూసిన కళ్ళతోనే, నేను నోరు తెరిచేలోపు, "నానే... కొట్లో ఏవో కొనుక్కుని మింగీసినాను," అన్నాడు.

అంత జ్వరంలోనూ ఆయనకి నా పరువు గుర్తుంది. ఒక్క క్షణం ఆ అబద్ధం వెనకాల దాక్కుందామనిపించింది. నిజమే రాస్తున్నాను, అనిపించింది. తరువాత, "కాదు మేడమ్, నేనే ఇచ్చాను. డెక్సా. రెండు పూటలా, పది రోజులు," అన్నాను.

"నువ్వేం చేస్తుంటావు?"

చెప్పాను. ఆమె తిట్టలేదు. "ఇప్పటికైనా చెప్పావు. తెలియకపోతే ఈ చెయ్యి మమ్మల్ని ఇంకా మోసం చేసేది," అని లోపలికి తీసుకెళ్ళమంది. అయ్య నా వైపు చూడలేదు. ముల్లు గుచ్చుకుని ఇంటికొచ్చినప్పుడు కూడా ఆయన ముఖం అంతగా వాడిపోలేదు.

కోసి శుభ్రం చేస్తే లోపల వడ్లగింజంత ముల్లు ముక్క దొరికింది. మామ్మ అన్నదే. దాని చుట్టూ క్రిములు నిమ్మళంగా పెరిగాయి, ఎందుకంటే వాటి మీదికి రావలసినవాళ్ళని నేను రానివ్వలేదు. చూపుడువేలు తీసేశారు. బొటనవేలి సంగతి మాత్రం డాక్టరమ్మ తేల్చలేదు.

"వేలి మొదట్లో కండ పాలిపోయి ఉంది. అక్కడ ఎర్రటి కొత్త కండ మొలిస్తే వేలు ఉంటుంది. నాలుగు రోజులు చూద్దాం. మొలవకపోతే అదీ తీసెయ్యాలి."

బొటనవేలు లేని చేయి స్టీరింగు పట్టలేదు, తాడు లాగలేదు.

రోజూ పొద్దున కట్టు విప్పేవాళ్ళు. నేను ఎదురుగా నిలబడి చూసేదాన్ని. గాయం శుభ్రంగా ఉండేది, తెల్లగా ఉండేది. నర్సు దూది పెట్టి తుడుస్తూ, "నొప్పుందా?" అని అడిగితే, అయ్య కిటికీలోకి చూస్తూ, "ఏటీ తెలీటం నేదు," అనేవాడు. మొదటిరోజు అదే మాట, రెండోరోజు అదే మాట. మూడోరోజు నర్సు అడగడం మానేసింది.

మామ్మ గంజి తెచ్చేది. ఆవిడ నన్ను తిడుతుందేమోనని కాచుకుని కూర్చున్నాను. తిడితే బాగుండునని కూడా కాచుకున్నాను. ఆఖరికి నేనే, "మామ్మా, నువ్వన్నదే నిజమయ్యింది," అన్నాను. 

"నాను సెప్పింది నిజమైతే ఏటి సేసుకుంటానే. వాడి సెయ్యి బాగవ్వాలి గానీ," అని, నా చేతిలో గిన్నె పెట్టి, "నువ్వూ తిను," అంది.

వార్డు బయట సిమెంటు బెంచీ మీద కూర్చుంటే మధ్యాహ్నాలు సాగిపోయేవి. ఒకచోట ఫ్యాను, ఒకచోట మందు వాసన, ఎవరివో చెప్పుల చప్పుళ్ళు. మెలకువో నిద్రో తెలియని ఆ వేళల్లో నాకు నా నోట్‌బుక్కులో ఒక పేజీ కనిపించేది. నెల కిందట నేను రెండు పళ్ళేల్లో గీతలు గీశాను. ఒకదానిలో ఏమీ కలపలేదు. రెండోదానిలో డెక్సా కలిపాను. మర్నాటికి మొదటిదానిలో గీత పూడిపోయింది. రెండోదానిలో ఖాళీ ఖాళీగానే ఉంది, ఒడ్డున కణాలు ఎవరూ పిలవనట్టు ఆగిపోయి ఉన్నాయి. అందులో మేం అనుకున్నదే జరిగింది కనుక, నేను సంతోషంగా టిక్కు పెట్టి, "మందు పనిచేసింది" అని రాసుకున్నాను. ఆ చేతిరాత నాదే. ఆ కళ్ళూ నావే. పళ్ళెంలో చూసింది మనిషిలో కూడా ఉంటుందని నాకు తోచలేదు. పళ్ళెంలో గీత నాకు ఫలితం, అయ్య చేతి మీద వాపు నాకు అడ్డు. అంతే తేడా.

ఒక మధ్యాహ్నం అలా కునుకు పట్టినప్పుడు ఆ ఖాళీ మళ్ళీ వచ్చింది. ఈసారి అది అయ్య అరచేయి అంత ఉంది. ఒడ్డున కణాలు వెన్నెల్లో లాగా మసకగా మెరుస్తూ, గుంపుగా ఆగి ఉన్నాయి. నేను మోకాళ్ళ మీద వంగి, "రండమ్మా, దిగండి, దిగండి," అని బతిమాలుతున్నాను. పేరు పెట్టి పిలుద్దామంటే వాటికి పేర్లు లేవు. నా గొంతు నాకే వినిపించలేదు. లేచేసరికి పక్క బెంచీ మీది ఆవిడ నన్ను జాలిగా చూస్తోంది. పైకి ఏదో అనే ఉంటాను.

నాలుగో రోజు పొద్దున డాక్టరమ్మ కూడా వచ్చింది. కత్తి పెట్టాలో వద్దో తేలే రోజది. నర్సు కట్టు విప్పుతోంది. పట్టీ పొరలు ఒక్కొక్కటే పళ్ళెంలో పడుతున్నాయి. నేను తల దించుకున్నాను. నాలుగు రోజుల్లో మొదటిసారి చూడలేకపోయాను. ఆఖరి గుడ్డ గాయానికి అంటుకుని ఉంది. నర్సు దాన్ని తడిపి, కొసన పట్టి లాగింది.

అయ్య ఒక్క కేక పెట్టాడు.

సముద్రంలో ఆయన పెట్టే కేకలు నాకు తెలుసు, అవి పనికోసం. ఇది వేరు. వార్డులో అందరూ తిరిగి చూశారు. నేనూ తలెత్తాను. బొటనవేలి మొదట్లో, తెల్లటి కండ నడుమ, ఆవగింజలు చల్లినట్టు ఎర్రటి చుక్కలు. చుట్టూ తోలు ఉబ్బి, గులాబీ రంగు తిరిగి ఉంది. డాక్టరమ్మ వంగి, గ్లవ్సు వేలితో పక్కన నొక్కింది. అయ్య పళ్ళు బిగించి చేయి వెనక్కి లాక్కున్నాడు.

"నొప్పి బాగా ఉందా?" అని ఆమె అడిగింది.

ఆయన చెమట పట్టిన ముఖం నా వైపు తిప్పాడు. ఆ చేతికి నేను చేసిందంతా ఎరిగి కూడా, పక్కన అంత పెద్ద డాక్టరు నిలబడి ఉండగా, నన్నే అడిగాడు.

"అమ్మీ, ఇది మంచిదేనంటావా?"

ఆయన ఎడమచేయి రెండు చేతుల్తో పట్టుకున్నాను.

"మంచిదే అయ్యా. నొప్పెట్టనీ. గట్టిగా అరువు," అన్నాను.

ఆయన అరిచాడు.